బాలింత పక్కన చెయ్యా, స్కానింగా?

బారసాలకు వచ్చినవాళ్ళు చీకటి పడేలోపు వెళ్ళిపోయారు. ఉయ్యాలకు కట్టిన పూలదండలు వాడిపోతున్నాయి గాని పిల్ల మాత్రం ఆదమరిచి నిద్రపోతోంది. వరండాలో అమ్మ, బావ కూర్చున్నారు. అమ్మ ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పులు చేసి రిటైరైంది. బావ మా పెద్ద మామయ్య కొడుకు, హైదరాబాదులో రేడియాలజిస్టు. పది రోజులుగా ఇద్దరి మధ్యా ఫోన్లో ఒక వాదం నడుస్తోంది. ఆ సాయంత్రం ఎదురెదురుగా దొరికారు.

వాదానికి కారణం ఉయ్యాల్లో పిల్ల తల్లి, మా మరదలు. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే ఉంది. సుఖప్రసవమే అయింది. పదకొండో రోజు తెల్లవారుజామున పక్కంతా తడిసిపోయి, నిమ్మకాయలంత గడ్డలు పడ్డాయి. దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే స్కానింగ్ చేసి, మాయ ముక్క మిగిలిపోయింది, సాయంత్రానికల్లా లోపల శుభ్రం చేసెయ్యాలి అన్నారు. అమ్మ మూడు గంటలు కారులో ప్రయాణం చేసి వెళ్ళింది. బావ ఆ స్కానింగ్ బొమ్మలు ఫోన్లో తెప్పించుకుని చూసి, నెత్తురు ప్రవాహాన్ని చూపించే డాప్లర్ స్కాన్ చెయ్యకుండా ఎవరూ చెయ్యి వెయ్యొద్దన్నాడు. చివరికి శుభ్రం చేసే అవసరమే పడలేదు. యాంటీబయాటిక్స్, గర్భసంచి ముడుచుకునే మందు ఇస్తే మూడు రోజుల్లో తగ్గింది. ఆ మరదలే బారసాలకి పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చుంది.

తన చెయ్యే కాపాడిందని అమ్మ అనలేదు, తన స్కానింగే కాపాడిందని బావా అనలేదు. కాని ఇద్దరి మనసులోనూ ఉన్నది అదే. నేను డాక్టర్ని కాను. వాళ్ళు మాట్లాడుకున్నది రాసుకున్నాను. రాసుకున్నది మళ్ళీ ఇద్దరికీ చూపించి, వైద్యం మాటల్లో తప్పులు దిద్దించుకున్నాను.

అమ్మ: స్కానింగ్ వద్దని నేనెప్పుడూ అనలేదురా. నెత్తురు పోతున్న మనిషి దగ్గర ముందు ఏం చేస్తావన్నదే నా ప్రశ్న. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు నుంచి ఏడువందల మిల్లీలీటర్ల దాకా నెత్తురు వెళ్తుంది. మాయ ఊడి పడ్డాక ఆ దారులన్నీ మూసుకోవాలి. గర్భసంచి కండరం ముడుచుకుని, తన పోగుల మధ్యలోంచి పోయే నాళాల్ని తానే నులిమేస్తుంది. దేవుడు పెట్టిన కట్టు అది. అది ముడుచుకోకపోతే లెక్క నువ్వే వేసుకో. యాభై కిలోల మనిషిలో నిండు నెలలప్పుడు ఉండే నెత్తురెంత?

బావ: ఐదు లీటర్లకు అటూ ఇటూ.

అమ్మ: దారులన్నీ తెరుచుకునే ఉంటే పది నిమిషాల మాట. అందుకే మేం ముందు పొట్ట మీద చెయ్యి వేస్తాం. బొడ్డు కిందుగా గర్భసంచి టెంకాయంత గట్టిగా తగిలితే ఊపిరి పీల్చుకుంటాం. మెత్తగా, పిండిముద్దలా జారిపోతుంటే రుద్దుతాం. ఆక్సిటోసిన్ ఎక్కిస్తాం, ట్రానెక్సమిక్ ఆసిడ్ ఇస్తాం, సెలైన్ పెడతాం, మూత్రం తీయిస్తాం, చిరుగులేమైనా ఉన్నాయేమో లైటు పెట్టి వెతుకుతాం. ఇవన్నీ ఒకదాని తరవాత ఒకటి కాదు, నలుగురు కలిసి ఒకేసారి చేసేవి. ఇందులో ఎక్కడ ఆగి స్కానింగ్ చెయ్యమంటావు?

బావ: ఆగమని నేనూ అనను. కాని అత్తయ్యా, మీరు ఇంత గట్టిగా అనడానికి ఇంకేదో ఉంది. ఫోన్లోనూ ఇక్కడికొచ్చేసరికి మీ గొంతు మారిపోతోంది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పిన సంగతి నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను.

అమ్మ: ఉద్యోగంలో చేరిన కొత్తలు. ఏ ఊరో వద్దులే. మూడో కాన్పు ఆమెకి. మాయ పడింది గాని నెత్తురు ఆగడం లేదు. ముక్కేదైనా మిగిలిందేమో చూసి రమ్మని స్కానింగుకి నేనే రాసిచ్చాను. ఆ గది పాత బిల్డింగులో, ఆవరణ దాటి వెళ్ళాలి. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. వెళ్ళేసరికి తాళం వేసుంది. తాళంచెవి కోసం ఒక మనిషి పరిగెత్తాడు. అతను వచ్చేదాకా ఆమె ఆ వరండాలోనే ఉంది. పొట్ట మీద ఎవరి చెయ్యీ లేదు. వెనక్కి తీసుకొచ్చేసరికి నాడి అందలేదు. కాగితం మీద సంతకం నాదే.

బావ చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు.

బావ: ఆ తప్పు స్కానింగ్‌దంటారా, దూరానిదంటారా?

అమ్మ: ఆ రోజు నాకా తేడా తెలియలేదు. నెత్తురు కారుతున్న తల్లిని నా గదిలోంచి బయటికి పంపకూడదన్నది ఒక్కటే తెలిసింది. ముప్పై ఏళ్ళు అదే పాటించాను.

బావ: మీరు పంపకూడదన్నది నేనూ ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నా మాట వినండి. కాన్పు తరవాత నెత్తురు పోవడానికి నాలుగు కారణాలని చదువుకున్నాం. గర్భసంచి మెత్తబడటం, మాయ ముక్క మిగలటం, ఎక్కడో చిరగటం, నెత్తురు గడ్డకట్టే గుణం పోవటం. పదింట ఏడు మొదటిదే. దాన్ని మీ చెయ్యి పట్టుకుంటుంది, స్కానింగ్ అక్కర్లేదు. మందులన్నీ ఇచ్చాక కూడా ఆగనివాళ్ళున్నారు. బాగా లావుగా ఉండి, పొట్ట మీద గర్భసంచి చేతికే అందనివాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర చెయ్యి ఏం చెప్తుంది?

అమ్మ: లోపల చెయ్యి పెట్టి చూస్తాం.

బావ: మత్తు ఇవ్వకుండా పెడితే ఆమె పడే బాధ మీకు తెలుసు. పెట్టాల్సినప్పుడు పెట్టాల్సిందే. కాని ముందు అర నిమిషం పొట్ట మీద స్కానింగ్ ప్రోబ్ ఆనిస్తే ఏం కనపడుతుందో చెప్తాను. బాగా ముడుచుకున్న గర్భసంచిలో రెండు గోడలూ ఆనుకుని మధ్యలో సన్నటి తెల్లగీత కనపడుతుంది. ఆ గీత పైనుంచి కిందిదాకా తెగకుండా ఉంటే లోపల పెద్ద ముక్క ఉండే అవకాశం చాలా తక్కువ. అప్పుడు లోపల వెతకడం మాని చిరుగులు వెతకాలి. గీత బదులు బుంగలా ఉబ్బి నెత్తురూ గడ్డలూ నిండి ఉంటే, బయట ప్యాడ్ మీద కనపడే దానికి రెండింతలు లోపలే దాక్కుని ఉండొచ్చు. గర్భసంచి కింద పెద్ద నల్లటి సంచి కనపడితే అది నిండిన మూత్రాశయం, గర్భసంచిని పైకి నెట్టేసి ముడుచుకోనివ్వదు. కాథెటర్ వేస్తే చాలు. పైన గుండ్రంగా ఉండాల్సిన చోట గుంట పడి, గర్భసంచి తనలోకి తాను తిరగబడినట్టు కనపడితే ఇక క్షణం ఆలస్యం చెయ్యకూడదు, వెనక్కి నెట్టాలి. ఇవన్నీ బొమ్మలో ఒక్క చూపుకి తేలేవే. మీరు రుద్దుతుండగానే ఇంకొకరు చూడొచ్చు. రుద్దే చెయ్యి తియ్యక్కర్లేదు.

అమ్మ: పుస్తకంలో బాగుంటుంది. ఆ గదిలో అరుపులు, నెత్తురు, కాళ్ళ దగ్గర జారుడు. అందులో నీ గీత కనపడుతుందా?

బావ: ఒక రాత్రి సంగతి చెప్తాను. సిజేరియన్ అయి మూడు గంటలు. ప్యాడ్ శుభ్రంగా ఉంది. గర్భసంచి మీరన్నట్టు టెంకాయలాగే ఉంది. నాడి మాత్రం నూట ముప్పై. కుట్ల నొప్పికేమో అనుకున్నారు. బీపీ ఇంకా పడలేదు. వయసులో ఉన్న తల్లి ఒంట్లోంచి లీటరు పైన పోయినా బీపీ నిలబడే ఉంటుందని మీరే నాకు నేర్పారు. మత్తు డాక్టరుగారికి అనుమానం వచ్చి నన్ను పిలిచారు. మెషీను మంచం దగ్గరికే తోసుకెళ్ళాను. కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య ఒక సందు ఉంటుంది, మామూలుగా అక్కడ ఏమీ ఉండదు. సిజేరియన్ తరవాత కాస్త నెత్తురూ నీరూ ఉండొచ్చు. ఆ రోజు కాస్త కాదు, నల్లటి చెరువులా ఉంది. తిరిగి థియేటర్లోకి తీసుకెళ్ళారు. లోపల ఒక నాళం ముడి జారిపోయింది. బయటికి ఒక్క చుక్క రాలేదు అత్తయ్యా. మీ చెయ్యి, మీ కళ్ళు, మీ ప్యాడ్ లెక్క మూడూ ఆమె బాగానే ఉందని చెప్పేవి.

అమ్మ: నాడి చెప్పింది కదరా.

బావ: చెప్పింది. ఎక్కడ పోతోందో చెప్పలేదు.

అమ్మ తల పంకించింది. ఈ ఒక్క సంగతిలో బావదే పైచెయ్యి అని నాకనిపించింది. పొట్ట లోపల పోయే నెత్తుర్ని చూడటానికి మంచం పక్కనుండే స్కానింగ్‌తో పోటీపడేది వేరే లేదు. అమ్మ కూడా అది కాదనలేదు, కాని వెంటనే ఇంకో వైపు నుంచి పట్టుకుంది.

అమ్మ: సరే. ఇప్పుడు మన పిల్ల సంగతికి రా. ఆ ఆసుపత్రిలో స్కానింగే కదా తప్పుదారి పట్టించింది? కాన్పైన రెండు మూడు వారాల దాకా గర్భసంచిలో గడ్డలు, పొరల తునకలు ఎవరికైనా కనపడతాయి. బాగున్న బాలింతకి చేసినా కనపడతాయి. లోపల చెయ్యి పెట్టి మాయ తీసినవాళ్ళలో గాలి చేరి అదీ తెల్లగా మెరుస్తుంది. మీ వాళ్ళు రిపోర్టులో 'మాయ ముక్క ఉండవచ్చు' అని ఒక ముక్క రాసేస్తారు. ఆ 'ఉండవచ్చు' చదివి ఇక్కడ లోపల గీకే క్యూరెట్ పట్టుకుంటారు. పచ్చి గర్భసంచి వెన్నలా ఉంటుంది. చిల్లు పడటానికి ఎంతసేపు? ఎక్కువ గీకితే లోపలి గోడలు అతుక్కుపోయి నెలసరే ఆగిపోతుంది, మళ్ళీ కడుపు రాదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఒక్క రిపోర్టు వల్ల ఆమెకి రెండో బిడ్డ లేకుండా పోయేది. నేను వెళ్ళి పొట్ట నొక్కి చూశాను, నొప్పి ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, వాసన ఉంది. ఇన్ఫెక్షన్ అని చెప్పడానికి నాకు మెషీను అక్కర్లేకపోయింది.

బావ: మీరన్నదాంట్లో మొదటి సగం అక్షరాలా నిజం. బొమ్మలో గడ్డకీ ముక్కకీ తేడా తెలుసుకోవడం కష్టమని మేం ఒప్పుకుంటాం. అందుకే డాప్లర్ అడిగాను. నెత్తురు గడ్డలో ప్రవాహం ఉండదు. గోడకి అతుక్కుని బతికి ఉన్న మాయ ముక్కలోకి గోడలోంచి నాళం వెళ్తూ కనపడుతుంది. ప్రవాహం లేనంతమాత్రాన ముక్క లేదని ఒట్టు వెయ్యలేం, అదీ చెప్తాను. కాని నేను వెతికింది ముక్క కోసం కాదు.

అమ్మ: మరి?

బావ: కాన్పైన పది పదిహేను రోజులకి ఒక్కసారిగా నెత్తురు పడితే, నాకు ముందు భయం వేసేది నాళం గోడ చిట్లి బుడగలా ఉబ్బిందేమోనని. సిజేరియన్ తరవాత ఎక్కువ, మామూలు కాన్పు తరవాత కూడా ఒక్కోసారి వస్తుంది. మామూలు స్కానింగులో అది నల్లటి నీటి తిత్తిలా ఉంటుంది, కంటికి ఆనదు. డాప్లర్ పెడితే ఎర్రా నీలం కలిసి సుడి తిరుగుతూ కనపడుతుంది. దాని మీద క్యూరెట్ పెడితే ఆపలేని నెత్తురు పోతుంది. దానికి చేసే వైద్యమే వేరు. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి ఆ నాళాన్ని మూసెయ్యాలి. మన పిల్లకి అది లేదు, ముక్కలోకి వెళ్ళే నాళమూ లేదు. అప్పుడే నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇన్ఫెక్షన్ ఉందని మీ చెయ్యి చెప్పింది. ఈ రెండూ లేవని మాత్రం చెప్పలేదు.

అమ్మ దీనికి జవాబివ్వలేదు. లేచి ఉయ్యాల దగ్గరికెళ్ళి దుప్పటి సర్ది వచ్చింది.

అమ్మ: లెక్కల్లోకి వద్దాం. కాన్పు కాగానే పోయే నెత్తుర్ని మేమంతా కంటిచూపుతో అంచనా వేసేవాళ్ళం. మాకింటోష్ అనే రబ్బరు షీటు మీద మడుగు చూసి 'మూడొందలు' అని రాసేసేవాళ్ళం. అది ఎప్పుడూ తక్కువే. బెళగావిలో డాక్టర్ కొడ్కనీ వాళ్ళు నడుం కింద పరిచే ప్లాస్టిక్ షీటు ఒకటి తయారుచేశారు, చివర గరాటులా ఉండి గీతలు ఉంటాయి. ఎంత పోయిందో గీత చూసి చెప్పొచ్చు. అదే జిల్లా పల్లెల్లో 1,620 మంది కాన్పుల మీద జరిగి 2006లో అచ్చైన అధ్యయనంలో ఆ షీటే వాడారు. కాన్పు కాగానే మిసోప్రోస్టాల్ మాత్రలు మింగించిన వాళ్ళలో ఎక్కువ నెత్తురు పోవడం నూటికి పన్నెండు నుంచి ఆరుకి దిగింది. చేసింది స్కానింగ్ కాదు, ఏఎన్ఎమ్‌లు. తరవాత 2023లో ఆఫ్రికా నాలుగు దేశాల్లో ఈ-మోటివ్ అని పెద్ద అధ్యయనం వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా. రెండు లక్షల పైచిలుకు కాన్పులు. గీతల షీటు పరిచి, కొలిచి, నేనిందాక చెప్పిన పనులన్నీ ఒకేసారి చేస్తే, ప్రమాదం ముదిరేవాళ్ళు నూటికి అరవై తగ్గిపోయారు. అంతకు ముందు ఇలాంటి వాళ్ళలో సగంమందిని అసలు గుర్తించేవాళ్ళే కాదు. గీతల షీటుతో నూటికి తొంభై మూడు మందిని గుర్తించారు. ఆ చికిత్సలో నీ ప్రోబ్ ఎక్కడుంది?

బావ: లేదు. ఉండాల్సిన పని కూడా లేదు. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కాన్పుల డాక్టర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో, మంత్రసానుల అంతర్జాతీయ సమాఖ్య కలిసి కొత్త సూచనలు ఇచ్చాయి. మూడొందల మిల్లీలీటర్లు దాటి నాడి, బీపీ తేడా కొడుతుంటే ఐదొందల దాకా ఎదురుచూడొద్దన్నాయి. అది కూడా షీటు, నాడి, చెయ్యి. నేనొప్పుకుంటున్నాను, డబ్బు తక్కువున్న ఊరికి ముందు కొనాల్సింది గీతల షీటు. కాని అరవై తగ్గితే మిగిలింది నలభై అత్తయ్యా. ఆ తల్లుల సంగతి?

అమ్మ: బెలూన్ వేస్తాం.

బావ: వెయ్యండి. ఢాకాలో సయేబా అఖ్తర్ గారు కాథెటర్‌కి కండోమ్ కట్టి సెలైన్ నింపే పద్ధతి చెప్పిన దగ్గర్నుంచి ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో మీరే నాకు చెప్పేవారు. అది పైదాకా వెళ్ళిందో, కింద మెడ దగ్గరే ఉబ్బిందో చేత్తో తెలుస్తుందా? పొట్ట మీద ప్రోబ్ పెట్టి చూస్తూ వేస్తే గర్భసంచి పైకప్పు దాకా వెళ్ళాక నింపొచ్చు. నింపాక బెలూన్‌కి పైన నెత్తురు చేరుతోందేమో గంట గంటకీ చూడొచ్చు. కింద గొట్టం పొడిగా ఉంది, ఆగిపోయిందని మీరు సంతోషపడుతుంటే పైన అర లీటరు గడ్డ కడుతూ ఉండొచ్చు. మాయ ముక్క తియ్యాల్సి వచ్చినా అంతే. క్యూరెట్ కొన ఎక్కడుందో చూస్తూ తీస్తే మీరన్న చిల్లు పడే భయం తగ్గుతుంది. మీకు స్కానింగ్ మీద కోపం తెప్పించిన ప్రమాదానికి స్కానింగే కాపలా.

అమ్మ నవ్వలేదు గాని ముఖం కాస్త విప్పారింది. శిష్యుడు బాగా చెప్పినప్పుడు అమ్మ ముఖం అలాగే ఉండేదని బావ తరవాత నాతో అన్నాడు.

అమ్మ: నెత్తురు పడ్డాక చేసే స్కానింగ్ గురించే మాట్లాడుతున్నావు. నన్నడిగితే దానివల్ల ఎక్కువ ప్రాణాలు నిలబడేది కాన్పుకి ముందు. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన లెక్క. ఆంధ్రలో నలభై రెండు. దేశమంతా చూస్తే ఇరవై ఒకటిన్నర. మొదటి కాన్పుకి గర్భసంచి మీద కోత పడితే రెండో కడుపులో మాయ సరిగ్గా ఆ మచ్చ మీద కూర్చోవచ్చు, గోడలోకి వేళ్ళూ పాతుకోవచ్చు. దాన్ని లాగబోతే పంపు విప్పినట్టే. గర్భసంచి తీసేస్తే గాని ఆగని కాన్పులు నా ఉద్యోగం మొదట్లో ఏడాదికొకటి చూస్తే గొప్ప. రిటైరయ్యే నాటికి అలా లేదు. వాళ్ళని ముందే పట్టుకోవాల్సింది స్కానింగే. పాత కోత ఉందని తెలిసినప్పుడు మాయ ఎక్కడుందో, గోడకీ దానికీ మధ్య నల్లగీత ఉందో లేదో, మూత్రాశయం గోడ తెగినట్టుందో చూసి రాయండి. అప్పుడు ఆమెని నెత్తురు నిల్వలున్న పెద్దాసుపత్రికి ముందే పంపుకుంటాం.

బావ: అందులో నేను మీతో వాదించను.

అమ్మ: వాదించకు. నెలలు నిండాక హడావుడిగా చేసే స్కానింగులో కూడా అది చూడండి. బిడ్డ బరువూ ఉమ్మనీరూ రాసి వదిలెయ్యకండి.

ఇక్కడ నాకొక సందేహం వచ్చి అడిగాను. ఇప్పుడు ఫోన్‌కి తగిలించుకునే ప్రోబులు వచ్చాయంటారు కదా, అరచేతిలో పట్టేవి. అవి ప్రతి పీహెచ్‌సీలోనూ, ప్రతి 108లోనూ ఉంటే ఈ దూరం గొడవే ఉండదు కదా అన్నాను. బావ నవ్వి, అది తన జేబులో ఇక్కడికి తీసుకొచ్చినా నేరమే అన్నాడు. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పకుండా ఆపడానికి 1994లో వచ్చిన చట్టం కింద ప్రతి మెషీనూ ఒక చోటికి రిజిస్టరై ఉండాలి. 2012లో చేర్చిన నిబంధన ప్రకారం తీసుకెళ్ళగలిగే మెషీన్లను ఆ ఆవరణలో ఉన్న ఇన్‌పేషెంట్లకో, సంచార వైద్య వాహనంలోనో మాత్రమే వాడాలి.

బావ: బిడ్డ బయటికొచ్చేసింది. బాలింత కడుపులో ఆడా మగా అని చూడటానికి ఏముంది? అయినా ఊళ్ళో ఉన్న నర్సు చేతికి మనం ప్రోబ్ ఇవ్వలేం. తెలంగాణలో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి లేబర్ రూముల్లో పెడుతున్నారు. వాళ్ళ చేతులు మీ చేతులంత మంచివి. చట్టం వాళ్ళని ప్రోబ్ ముట్టుకోనివ్వదు. ఈ ఒక్క విషయంలో సడలింపు కావాలి.

అమ్మ: వద్దు.

బావ: ఎందుకొద్దు?

అమ్మ: ఆడపిల్లని తెలిసి కడుపు తీయించుకుని, నెత్తురోడుతూ నా దగ్గరికొచ్చినవాళ్ళని చూశాను కాబట్టి. మధ్యాహ్నం బాలింతకి వాడిన మెషీను సాయంత్రం నిండు కడుపు మీద పెట్టరని ఎవరు చూస్తారు? మెషీనుకి తేడా తెలియదు. ఆ తాళం ఆడపిల్లల ప్రాణాలకి వేసిన తాళం. దాన్ని తియ్యమనే ముందు నాకు ఇంకో సంగతి చెప్పు. ఆసుపత్రి లోపల, లేబర్ రూములో, మంచం పక్కన ఒక మెషీను రిజిస్టర్ చేయించి పెట్టుకోవడానికి చట్టం ఏనాడైనా అడ్డొచ్చిందా?

బావ: లేదు.

అమ్మ: కాన్పుల డాక్టరు దాన్ని వాడటానికి?

బావ: అదీ లేదు. మీ పీజీ చదువే అర్హత.

అమ్మ: మరి ఎందుకు లేదు? జిల్లాల్లో తిరిగి చూడు. మెషీను మీ రేడియాలజీ గదిలో ఉంటుంది, ఏసీలో, తాళం వేసి. పగలు ఓపీకి, రాత్రి ఎవరికీ కాదు. నెత్తురు పోయేది ఎక్కువగా రాత్రులే అన్నట్టుంటుంది మాకు. గ్లాస్గోలో 1958లో కడుపు మీద ఈ అల్ట్రాసౌండ్ బొమ్మలు తీసి లోకానికి చూపించిన ఇయాన్ డొనాల్డ్ ఎవరు? కాన్పుల ప్రొఫెసర్. పక్కన నిలబడింది టామ్ బ్రౌన్ అనే ఇంజినీరు. ఈ మెషీను పుట్టింది మా వార్డులో. మీరు తీసుకెళ్ళి మీ గదిలో పెట్టుకున్నారు. తిరిగివ్వండి.

వరండాలో చప్పుడు లేదు. స్కానింగ్‌ని అంతసేపు కాదన్న అమ్మే చివరికి దాన్ని లేబర్ రూముకి అడుగుతోందని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. బావ కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

బావ: ఇస్తాం. కాని వాడటం మీరు నేర్చుకోవాలి. బిడ్డని చూసినంత సులువు కాదు బాలింత గర్భసంచిని చదవడం. గడ్డ చూసి ముక్క అని రాయడం మా గదిలోనే కాదు, మీ గదిలోనూ జరుగుతుంది.

అమ్మ: నేర్పండి. రాత్రి డ్యూటీలో ఉండే పీజీ పిల్లలకి నేర్పండి. మూడే ప్రశ్నలకి జవాబు చూడటం నేర్పండి చాలు: గీత ఉందా బుంగ ఉందా, పొట్టలో నెత్తురు చేరిందా, బెలూన్ పైదాకా వెళ్ళిందా. మాయ ముక్కా, నాళాల సుడీ అంటారా, అవి ఆగిన నెత్తురు మీద తీరిగ్గా చూసేవి, మీరు చూడండి. ఒకటి మాత్రం రాసిపెట్టుకో. ఒక చెయ్యి ప్రోబ్ పట్టుకుంటే రెండో మనిషి చెయ్యి పొట్ట మీద ఉండాలి. గదిలో ఒక్కరే ఉంటే ప్రోబ్ పక్కన పెట్టెయ్యాలి.

బావ: అది నేను కాదనను అత్తయ్యా. కాని నర్సుల విషయం మాత్రం నేను వదలను.

అమ్మ: వదలొద్దు. నేనూ వదలను.

అక్కడితో లోపలి నుంచి పిల్ల ఏడుపు వినపడి ఇద్దరూ లేచారు. ఆ ఒక్క విషయం తేలలేదు. నా మటుకు నేను ఇప్పటికి అమ్మ వైపే ఉన్నాను. ఆడపిల్లల కోసం వేసిన తాళం ముట్టుకునే ముందు, తాళం లేని చోట చెయ్యగలిగింది చెయ్యాలి. కాన్పులు జరిగే ప్రతి ప్రభుత్వాసుపత్రి లేబర్ రూములోనూ గీతల షీటు, ఆ తరవాత మంచం పక్కన ఒక మెషీను, రాత్రి డ్యూటీలో దాన్ని చదవగల ఒక డాక్టరు ఉండాలి. తల్లిని స్ట్రెచర్ మీద మెషీను దగ్గరికి తీసుకెళ్ళకూడదు.

చదివేవాళ్ళ ఇళ్ళలోనూ కాన్పులుంటాయి, అందుకని ఒక మాట. మా మరదలి వాళ్ళమ్మ ఆ తెల్లవారుజామున తడిసిన గుడ్డలన్నీ పెరట్లో నీళ్ళలో నానబెట్టేసి, పక్క మార్చి, ఆ తరవాతే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. శుభ్రంగా ఉండాలనే చేసింది. ఎంత నెత్తురు పోయిందని డాక్టరు అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. కాన్పైన పన్నెండు వారాల దాకా ఎప్పుడైనా సరే, గంటలోపు ఒక ప్యాడ్ పూర్తిగా తడిసినా, పెద్ద గడ్డలు పడినా వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. ఆ గుడ్డల్ని ఉతక్కండి, పారెయ్యకండి. ఒక కవరులో వేసి వెంట తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి.